గవర్నర్ కాబోతున్న బుజ్జికి

బుజ్జీ,

మీ పాప స్కూల్లో పేరెంట్ గవర్నర్‌గా, అంటే ఇక్కడ ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులు ఓట్లేసి స్కూలు పాలకమండలికి పంపే సభ్యురాలిగా, నిలబడుతున్నావని పెద్దమ్మ చెప్పింది. మీ అమ్మ అప్పుడే గుంటూరులో అందరికీ ఫోన్లు చేసేసిందట. వాళ్ళలో సగం మంది నువ్వు రాజ్‌భవన్‌లో ఉంటావనుకుంటున్నారు. నాకు ఈ పని వచ్చినప్పుడు మీ తాతయ్య జీతమెంత అని అడిగారు. ఏమీ ఇవ్వరన్నాను. "పోనీ, కారైనా పంపుతారా?" అన్నారు. సాయంత్రం ఆరున్నరకి ఆరేళ్ళ పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుని బడ్జెట్ చదవడమే ఆ పదవని ఆయనకి చెప్పలేకపోయాను.

రెండు టర్ములు, అంటే ఎనిమిదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఫారాలు, డీబీఎస్ చెక్ (పాత నేరాలేమైనా ఉన్నాయేమో చూసే తనిఖీ) గురించి టెన్షన్ పడకు. అవి స్కూలు ఆఫీసే చూసుకుంటుంది. నువ్వు ఇండియాలో ఉన్న రోజులకి పోలీస్ సర్టిఫికెట్ అడిగినా అడగొచ్చు. మీటింగ్‌లకి నీ ఆఫీసులో పంపిస్తారో లేదో అన్నావట. ఇంగ్లండ్‌లో స్కూలు గవర్నర్‌గా ఉన్న ఉద్యోగికి ఆ పనికి తగినంత టైమ్ ఇవ్వాలని 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టమే చెబుతోంది. ఆ టైముకి జీతం ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం వాళ్ళిష్టం. మేనేజర్ చెవిన ముందే వేసి ఉంచు.

అసలు కష్టం వేరు. మా ఊళ్ళో మాస్టారు ఎదురైతే సైకిల్ దిగి నడిచేవాళ్ళం. ఆ అలవాటు నాతో విమానమెక్కి ఇక్కడికీ వచ్చింది. హెడ్ టీచర్ ఏం చెప్పినా తలూపుతూ మొదటి ఏడాది గడిపేశాను. ఓ రోజు గవర్నర్ల చెయిర్, అంటే మా అధ్యక్షురాలు, నన్ను పక్కకి పిలిచి, ఆ ఏడాది మినిట్స్ (మీటింగ్‌లో ఎవరేమన్నారో రాసిపెట్టిన కాగితాలు) అన్నీ ముందు పెట్టింది. హాజరైనవాళ్ళ జాబితాలో తప్ప నా పేరు ఎక్కడా లేదు. "మీరు మర్యాద అనుకుంటున్నారు. స్కూళ్ళని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ వాళ్ళు వచ్చి చదివితే నిద్రపోతున్నారనుకుంటారు" అంది.

దాంతో రెండో ఏడాది రెచ్చిపోయాను. ఇయర్ ఫోర్ పిల్లలకి, అంటే ఎనిమిది తొమ్మిదేళ్ళ వాళ్ళకి, జూన్‌లో ఎక్కాల పరీక్ష ఉంటుంది, పన్నెండో ఎక్కం దాకా. స్కూలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ క్లాసు టీచర్‌తో, మాకు ఇరవై దాకా వల్లె వేయించేవారు, మీరూ రోజూ పొద్దున్నే ఒప్పజెప్పించుకోండి అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. సాయంత్రానికి హెడ్ నుంచి మెయిల్ వచ్చింది, చాలా మర్యాదగా, చాలా పొడుగ్గా. పాఠం ఎలా చెప్పాలో చెప్పే పని నాది కాదు. టీచర్‌కి మార్కులు వేసే పని అసలే కాదు. ఎక్కాల్లో మన పిల్లలు వెనకబడితే, ఎందుకు, ఏం చేస్తున్నారు, ఎప్పటికి తేడా కనిపిస్తుంది అని హెడ్‌ని మీటింగ్‌లో అడగాలి. జవాబు నసిగినట్టుంటే మళ్ళీ అడగాలి. అంతే. ఈ గీత ఎక్కడుందో తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అడగడానికి ఏముంటుందంటావా? స్కూలుకి డబ్బు చాలావరకు పిల్లల తలల లెక్కన వస్తుంది. ఆ తలలు లెక్కపెట్టేది అక్టోబర్‌లో. చిన్న క్లాసుల్లో ఒక టీచర్‌కి 30 మందికి మించి ఉండకూడదు. రిసెప్షన్‌లో, అంటే స్కూల్లో మొట్టమొదటి క్లాసులో, 30 సీట్లకి 22 మందే చేరారనుకో. టీచర్ జీతం తగ్గదు, గదిలో హీటింగ్ తగ్గదు, వచ్చే డబ్బు మాత్రం ఎనిమిది మంది వంతు తగ్గుతుంది. కొత్త పిల్లలు వచ్చి చేరితే తప్ప, ఆ బ్యాచ్ ప్రైమరీలో ఆఖరి క్లాసైన ఇయర్ సిక్స్ దాటేదాకా, ఏడేళ్ళూ ఆ లోటు వెంటే వస్తుంది. బడ్జెట్ పేపర్ రాగానే అందరూ కరెంటు బిల్లు మీదా ఫొటోకాపీల ఖర్చు మీదా పడతారు. నువ్వు ముందు రిసెప్షన్‌లో ఎంతమందో చూడు.

ఇంకొకటి ఉంది, ఇది చెప్పుకోవడం నాకు సరదా. ఇక్కడ రిసెప్షన్ నుంచి ఇయర్ టూ దాకా అందరికీ మధ్యాహ్న భోజనం ఫ్రీ. ఎలాగూ తింటున్నారు కదా అని, ఆదాయం తక్కువున్న తల్లిదండ్రులు కూడా ఫ్రీ మీల్స్ ఫారం నింపరు. కానీ ఆ పిల్లల పేరున స్కూలుకి ప్యూపిల్ ప్రీమియం అని వచ్చే అదనపు డబ్బు ఆ ఫారం మీదే ఆధారపడి ఉంటుంది. "ఇయర్ త్రీలో ఫారం నింపినవాళ్ళు అంతమంది ఉంటే ఇయర్ వన్‌లో ఇంత తక్కువెందుకు?" అని ఓ మీటింగ్‌లో అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మరుసటి వారం ఆఫీసువాళ్ళు ఫారాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఎనిమిదేళ్ళలో నేను వేసిన మంచి ప్రశ్న అదొక్కటేనేమో. పెద్ద తెలివేమీ కాదు, రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను.

ఇక గేటు దగ్గర నీకు చుట్టాలు పెరుగుతారు. "నువ్వు గవర్నర్‌వి కదా, మావాడి టీచర్ సంగతి చూడవూ" అంటారు. క్లాసు వాట్సాప్ గ్రూపులో నీ పేరుకి టాగ్ పెడతారు. వాళ్ళు ఓట్లేసి పంపినా నువ్వు వాళ్ళ వకీలువి కావు. కథంతా వినకుండా, ముందు క్లాస్ టీచర్‌ని కలవమని చెప్పు. అదే ఫిర్యాదు రేపు గవర్నర్ల ప్యానెల్ ముందుకొస్తే, ముందే విన్నదానివి కాబట్టి నువ్వు అందులో కూర్చోలేవు. ఏ బిడ్డకైనా హాని జరుగుతోందని చెవిన పడితే మాత్రం ఈ మాటలేవీ వర్తించవు. అదేరోజు స్కూల్లో సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల రక్షణ, చూసేవాళ్ళకి చెప్పెయ్యి.

మన పాపకి ఏదైనా ఇబ్బంది వస్తే అమ్మగా వెళ్ళి మాట్లాడు. ఆ మెయిల్లో గవర్నర్ అన్న మాట రానివ్వకు.

మీటింగ్‌కి వారం ముందు పేపర్లు వస్తాయి. వంద పేజీలు చూసి బెంబేలెత్తకు. హెడ్ రిపోర్టు, బడ్జెట్, పోయినసారి మినిట్స్, ఈ మూడూ చదివి రెండు ప్రశ్నలు రాసుకుని వెళ్ళు. అర్థం కాని పదాలుంటే శనివారం పొద్దున ఫోన్ చెయ్యి, కాఫీ తాగుతూ చెబుతాను. అన్నట్టు, పేపర్లు వచ్చీరాగానే నాకు ఫార్వర్డ్ చేస్తానన్నావట పెద్దమ్మతో. ఆ పని చెయ్యకు. నేనిప్పుడు గవర్నర్‌ని కాదు.

మీ పెదనాన్న