డిగ్రీ తర్వాత నెట్‌వర్కింగ్: ఎంసీఏనా, కోర్సా?

నర్సంపేట నుంచి ఒక తండ్రి రాశారు: "మా పాప బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చివరి సంవత్సరం. నెట్‌వర్కింగ్ చేస్తానంటోంది. ఎంసీఏ చదివించాలా, అమీర్‌పేటలో కోర్సుకు పంపాలా?"

ఎంసీఏ చదివించండి సార్. నెట్‌వర్కింగ్ అంటే కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి నడిపే పని. ఆ కోర్సు ఎంసీఏ చదువుతూ కూడా చేసుకోవచ్చు. పీజీ మానేసి ఉద్యోగంలో పడ్డాక మళ్లీ కాలేజీకి రావడం చాలామందికి కుదరదు.

పాపకు మ్యాథ్స్ ఉంది, అదే పెద్ద బలం. మన వరంగల్ నిట్‌లో ఎంసీఏ సీటుకు నిమ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55 చాలు. 120 ప్రశ్నల్లో 50 మ్యాథ్స్‌వే, ఒక్కోదానికి 12 మార్కులు. తప్పు రాస్తే మార్కులు కోస్తారు. అక్కడ కోర్సు మూడేళ్లు. ఐసెట్ కూడా తప్పకుండా రాయించండి. రాష్ట్రంలోని కాలేజీల్లో రెండేళ్ల ఎంసీఏకు అదే దారి.

ఇక నెట్‌వర్కింగ్ మీద ఇష్టం నిజమా కాదా, పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, కంప్యూటర్ తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్ అది. 192.168.10.0/24 నెట్‌వర్క్‌ను, అంటే 256 అడ్రస్‌లను, నాలుగు విభాగాలకు సమానంగా పంచమనండి. ఒక్కోదానికి 64 అడ్రస్‌లు వస్తాయి, మొదటిదీ చివరిదీ పోగా 62 మిషన్లకు ఇవ్వొచ్చు. రౌటర్‌తో నాలుగింటినీ కలిపాక, ఒక కంప్యూటర్‌లో గేట్‌వే అడ్రస్ (బయటికి దారి చూపే రౌటర్ అడ్రస్) తీసేయమనండి. తన విభాగంలోని వాటికి పింగ్ (అవతలి కంప్యూటర్ అందుతోందా అని పంపే చిన్న సందేశం) వెళ్తుంది, పక్క విభాగానికి వెళ్లదు. ఎందుకో తనంతట తాను కనుక్కోవాలని పట్టుపట్టి కూర్చుంటే ఈ రంగం ఆమెదే. విసుగొస్తే ఇప్పుడే తెలియడం మంచిది.

సిస్కో వాళ్లే ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ, ఆ పరీక్షకు తొందరపడొద్దు. ఆ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది, ఎంసీఏ ఆఖరి ఏడాదిలో రాస్తే ఇంటర్వ్యూలకు పనికొస్తుంది. "జాబ్ గ్యారంటీ" అనే ఇన్‌స్టిట్యూట్‌కు డబ్బు కట్టే ముందు ల్యాబ్‌కు వెళ్లి చూడండి. రౌటర్లు, స్విచ్‌లు పిల్లల చేతికిస్తున్నారా, అద్దాల బీరువాలో పెట్టారా?

ఒక్క సంగతి ముందే మాట్లాడుకోండి. నెట్‌వర్క్‌లను రోజంతా కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి కొత్తగా చేరినవాళ్లకు నైట్ షిఫ్టులు పడుతుంటాయి. ఇంట్లో ఎవరూ ఆమె తరఫున జవాబు చెప్పకుండా, పాపనే అడగండి.