కెమెరా కంటికి ఎత్తకముందే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. పూర్తిగా మాన్యువల్‌గా నడిచే ఫిల్మ్ కెమెరా కొనుక్కోవాలనుంది, ఏది కొనాలో, ఎలా వాడాలో చెప్పమన్నావు. ఏది కొనాలన్నది చిన్న ప్రశ్న, త్వరగా తేల్చేద్దాం. వాడకం గురించే చెప్పాల్సింది ఎక్కువ ఉంది.

పాత కెమెరాలన్నీ మాన్యువల్ కావమ్మాయ్. 1976లో వచ్చిన కేనన్ ఏఈ-1 చూపులకి అచ్చం మాన్యువల్ కెమెరాయే, కానీ బ్యాటరీ అయిపోతే దాని షట్టర్, అంటే ఫిల్మ్ మీదికి క్షణకాలం వెలుగు వదిలే తెర, కదలదు. అదే ఏడాది వచ్చిన పెంటాక్స్ కె1000కి ఆ బెంగ లేదు. బ్యాటరీ తీసి పక్కన పెట్టినా 1 సెకను నుంచి 1/1000 దాకా అన్ని వేగాలూ పనిచేస్తాయి, చచ్చిపోయేది వెలుగు కొలిచే మీటర్ ముల్లు ఒక్కటే. నికాన్ ఎఫ్ఎం, ఎఫ్ఎం2, ఒలింపస్ ఓఎం-1, మినోల్టా ఎస్ఆర్‌టి-101 కూడా ఈ కోవలోవే. నికాన్ ఎఫ్ఈ మాత్రం కాదు. ఎఫ్ఎంకి తోబుట్టువులా కనిపిస్తుంది గానీ, బ్యాటరీ లేనప్పుడు 1/90, బి (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది) తప్ప ఇంకే వేగమూ ఇవ్వదు. లైకా ఎం3 గొప్ప కెమెరా, కాదనను. కానీ అందులో మీటరే లేదు. మొదటి కెమెరాగా అది నీకు వద్దు.

నా మాట వింటే పేరు చూసి కాదు, ఆరోగ్యం చూసి కొను. దెబ్బలు తిన్న ఎఫ్ఎం2 కన్నా సరిగ్గా పనిచేసే కె1000 నయం. కొనేముందు వెనక తలుపు తెరిచి, లెన్సు ఊడదీసి, కెమెరాని వెలుతురున్న కిటికీ వైపు పట్టుకుని 1/1000 వేగంలో క్లిక్‌మనిపించు. రెప్పపాటు వెలుగు దీర్ఘచతురస్రం కనబడాలి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండుగా. ఒక పక్క నల్లగా ఉండిపోతే షట్టర్ తెరలు రెండూ ఒకే వేగంతో పరిగెత్తడం లేదన్నమాట. తర్వాత 1 సెకను పెట్టి నొక్కు. లోపలి గేర్ల చప్పుడు ఆగకుండా, ఒకే తీరుగా సాగాలి. మధ్యలో నీలిగితే లోపల గ్రీజు గట్టిపడింది, సర్వీసింగ్‌కి ఇవ్వాల్సిందే. తలుపు గాడిలో వేలు పెట్టి రాసి చూడు. నల్లగా, జిగటగా అంటుకుంటే వెలుగు లోపలికి రాకుండా పెట్టిన స్పాంజి కుళ్లిపోయింది. దానికి భయపడకు, అది మార్చుకోవడం సులువు. లెన్సుని మాత్రం వదలకు. ఎపర్చర్, అంటే లెన్సు లోపల వెలుగు వచ్చే కన్నం, పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడు. గాజు మీద సాలెగూడు దారాల్లాంటివి పాకి ఉంటే అది ఫంగస్. అలాంటి లెన్సు ఊరికే ఇచ్చినా తీసుకోకు.

బ్యాటరీ విషయంలో చాలామంది బోల్తా పడతారు. ఓఎం-1, ఎస్ఆర్‌టి-101 లాంటివి 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్ కోసం తయారైనవి, ఆ సెల్స్ ఇప్పుడు రావడం లేదు. అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ వేస్తే ముల్లు కదులుతుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ మీటర్ ఉన్నదాని కన్నా ఎక్కువ వెలుగు ఉందనుకుంటుంది, ఫోటోలు చీకటిగా వస్తాయి. వినికిడి యంత్రాల్లో వాడే జింక్-ఎయిర్ సెల్ దాదాపు 1.4 వోల్టులు ఇస్తుంది, దానితో పని జరుగుతుంది గానీ గాలి తగిలిన దగ్గర్నుంచి దాని ఆయుష్షు తగ్గుతూనే ఉంటుంది. కె1000, ఎఫ్ఎంలకి ఈ తంటా లేదు. కె1000కి ఇంకో సంగతి ఉంది, మీటర్‌కి స్విచ్ లేదు. లెన్సు మీద మూత పెట్టడమే స్విచ్ ఆపడం. మూత మర్చిపోయి బీరువాలో కాకుండా బల్ల మీద వదిలేశావంటే సెల్ గోవిందా.

ఇక వాడకం. మాన్యువల్ కెమెరా అంటే మెల్లగా పనిచేయడం, మెల్లగా పనిచేస్తే మంచి ఫోటోలొస్తాయి అని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. మెల్లగా తీసినంత మాత్రాన చెత్త ఫోటో బాగుపడదు. ఈ కెమెరా నేర్పేది వేరే. షట్టర్, ఎపర్చర్, ఫోకస్ మూడూ నువ్వే పెట్టాలి కాబట్టి, కంటికి ఎత్తిన తర్వాత పెట్టడం మొదలుపెడితే ఎప్పుడూ ఆలస్యమే. ఎదుటి మనిషి నవ్వు ముగిసేసరికి నువ్వు ఇంకా ముల్లు మధ్యకి తెస్తూ ఉంటావు. అందుకని ఆ మూడూ ముందే అయిపోవాలి. కెమెరా కంటికి వెళ్లాక మిగిలేది ఫ్రేము చూసుకోవడం, నొక్కడం. అలా అలవాటు పడ్డవాళ్ల చేతిలో ఈ కెమెరా ఎంత చురుగ్గా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతావు.

మరి ముందే ఎలా తెలుస్తుంది? నీడలు చూసి. పాత లెక్క ఒకటుంది, నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్/16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఫిల్మ్ ఐఎస్ఓకి, అంటే వెలుగుకి అది ఎంత చురుకో చెప్పే అంకెకి, దగ్గర పెట్టాలి. 400 ఫిల్మ్ అయితే 1/500, 100 ఫిల్మ్ అయితే 1/125. నేల మీద నీ నీడ అంచు కత్తిరించినట్టు ఉంటే అది ఎఫ్/16 ఎండ. అంచు మెత్తబడితే ఎఫ్/11. నీడ ఉందా లేదా అన్నట్టుంటే ఎఫ్/8. నీడే లేకుండా మబ్బు కమ్మితే ఎఫ్/5.6. ఎండ రోజే అయినా మనిషి గోడ నీడలో నిలబడి ఉంటే ఎఫ్/4. ఇంతే, కాగితం మీద రాసుకోవాల్సినంత కూడా లేదు. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దదవుతుంది. ఒక స్టాప్, అంటే ఒక మెట్టు, ఎపర్చర్ తెరిస్తే వెలుగు రెట్టింపు, షట్టర్ ఒక మెట్టు పెంచితే సగం. కాబట్టి ఎఫ్/16, 1/500 అన్నా ఎఫ్/11, 1/1000 అన్నా ఫిల్మ్‌కి అందే వెలుగు ఒక్కటే.

రీలు వేయకముందే కొన్నాళ్లు ఉత్త కెమెరాతో తిరుగు. ఎక్కడ నిలబడ్డా మనసులో ఎక్స్‌పోజర్, అంటే పెట్టాల్సిన వేగం, ఎపర్చర్, అనుకుని, తర్వాత మీటర్ చూడు. ఒక స్టాప్ అటూ ఇటూగా వస్తుంటే నీ కన్ను తయారైనట్టే. ఇంటి లోపల మాత్రం కన్నుని నమ్మకు. మన కళ్లు చీకటికి సర్దుకుని మోసం చేస్తాయి, అక్కడ మీటరే దిక్కు.

ఆ మీటర్ కూడా తెలివైనదేం కాదు. దేన్ని చూపించినా అది నడిమి బూడిద రంగు అనుకునే లెక్క చెప్తుంది. తెల్లగోడ ముందు నిలబెట్టిన మనిషిని మీటర్ చెప్పినట్టే తీస్తే గోడ బూడిదగా, మనిషి మొహం నల్లగా వస్తుంది. అలాంటప్పుడు నీ అరచేతిని అదే వెలుగులో, అదే దిక్కుకి తిప్పి పట్టుకుని దాన్ని మీటర్ చేసి, ఒక స్టాప్ ఎక్కువ వెలుగు ఇవ్వు. అరచెయ్యి బూడిద రంగు కన్నా సుమారు ఒక స్టాప్ తేట. ఇది నాకు ఎప్పుడూ అక్కరకొచ్చే కిటుకు. చెయ్యిని ఎక్కడా మర్చిపోయి రాం కదా!

ఎటూ తేలకపోతే ఎక్కువ వెలుగు వైపే మొగ్గు. నెగెటివ్ ఫిల్మ్ ఒకటి రెండు స్టాప్‌లు ఎక్కువైనా భరిస్తుంది. తక్కువైతే నీడల్లో ఏమీ నమోదు కాదు, లేనిదాన్ని ఏ ల్యాబూ తీసుకురాలేదు. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు బొమ్మే వచ్చే స్లైడ్ ఫిల్మ్ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది, ఎక్కువైతే తెలుపులు కొట్టుకుపోతాయి. దాని జోలికి ఇప్పుడే వెళ్లకు.

ఫోకస్ కూడా ముందే పెట్టుకోవచ్చని చాలామందికి తోచదు. లెన్సు మీద దూరాల గీతలు, వాటి పక్కన ఎపర్చర్ అంకెలు జంటలుగా ఊరికే చెక్కలేదు. 35 ఎంఎం లెన్సుని 3 మీటర్ల దగ్గర ఉంచి ఎఫ్/8 పెడితే సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. 50 ఎంఎంతో అదే పని చేస్తే దొరికేది 2.3 నుంచి 4.2 దాకానే, కొంచెం ఇరుకు. పాత కెమెరాకి చాలావరకు 50 లెన్సే తగిలి వస్తుంది, దానితోనే మొదలుపెట్టు. మూడు మీటర్లంటే ఎంత దూరమో అడుగులతో కొలిచి అలవాటు చేసుకో. మనిషి ఆ దూరంలోకి రాగానే నొక్కడమే. దగ్గరి మొహాలు, పెద్ద ఎపర్చర్ ఉన్నప్పుడు మాత్రం కళ్ల మీద ఫోకస్ జాగ్రత్తగా పెట్టక తప్పదు. 50 లెన్సుతో చేతిలో పట్టుకుని 1/60 కన్నా తక్కువ వేగానికి దిగకు.

ఇప్పుడు రీలు వేయడం. ఎండలో నిలబడి వేయకు, కనీసం నీ నీడలోనైనా వెయ్యి. రీవైండ్ గుబ్బ పైకి లాగితే తలుపు తెరుచుకుంటుంది. డబ్బీని ఎడమ గదిలో కూర్చోబెట్టి, గుబ్బని కిందికి నొక్కు. ఫిల్మ్ నాలుకని కుడివైపు చుట్టుడు కడ్డీ చీలికలో దూర్చి, లీవర్ ఒకసారి తిప్పు. పైనా కిందా ఉన్న చిల్లులు పళ్ల చక్రానికి పట్టుకున్నాయో లేదో కళ్లతో చూశాకే తలుపు మూయి. తర్వాత రీవైండ్ పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి, బిగువు తగలగానే ఆపు. ఇప్పుడు లీవర్ తిప్పుతూ ఆ పిడి వైపు చూడు. అది బాణానికి ఎదురుదిక్కులో తనంతట తాను తిరగాలి. తిరిగిందా, ఫిల్మ్ నడుస్తోంది. తిరగలేదా, నువ్వు 36 ఫోటోలు తీసినా రీలు మీద ఒక్కటీ ఉండదు. కౌంటర్‌ని నమ్మకు, ఫిల్మ్ కదలకపోయినా అది కదులుతుంది. ఐఎస్ఓ చక్రం తిప్పడం కూడా అప్పుడే అయిపోవాలి. డబ్బీ మీది గళ్ల కోడ్ చదివే తెలివి ఈ కెమెరాలకి లేదు.

రీలు చివర లీవర్ మొరాయిస్తే బలం చూపించకు, చిల్లులు చిరిగిపోతాయి. చాలా కెమెరాలకి కింద ఉండే చిన్న బటన్ నొక్కి, పిడిని బాణం వైపు చుట్టు. కాసేపటికి చివర ఊడినట్టు చేతికి తేలికవుతుంది. అది తెలిసేదాకా తలుపు జోలికి వెళ్లకు.

ఎవరైనా సోవియట్ కాలపు జోర్కీయో ఫెడ్డో చేతికిస్తే ఒక్కటి గుర్తుంచుకో, ముందు లీవర్ తిప్పి తర్వాతే వేగం మార్చాలి. లేదంటే లోపలి యంత్రం దెబ్బతింటుంది. ఆ జాతి కెమెరాల్లో షట్టర్ ముందు అడ్డుగా అద్దం ఉండదు కాబట్టి మూత లేకుండా సూర్యుడి వైపు పెట్టి ఉంచితే గుడ్డ తెరకి చిల్లు పడుతుంది కూడా.

ఫిల్మ్ ఏది అంటే, 400 బ్లాక్ అండ్ వైట్ ఒకటి ఎంచుకో, ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ గానీ కొడాక్ ట్రై-ఎక్స్ గానీ. ఎంచుకున్నాక చాలాకాలం దానితోనే ఉండు. మారుస్తూ పోతే తప్పు నీదో ఫిల్మ్‌దో ఎప్పటికీ తెలియదు. అలాగని మరీ మమకారం పెంచుకోకు. కోడాక్రోమ్ అనే రంగుల స్లైడ్ ఫిల్మ్ అంటే ప్రాణం పెట్టినవాళ్లున్నారు. 2009లో దాని తయారీ ఆగింది, 2010 ముగిసేసరికి కడిగే చోటు కూడా లేకుండా పోయింది. వాడని రీళ్లు ఫ్రిజ్‌లో పెట్టుకో, తీశాక గది వేడికి వచ్చేదాకా డబ్బా మూత తెరవకు, లేదంటే చెమ్మ పడుతుంది. విమానంలో వెళ్తే రీళ్లు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకు. విమానాశ్రయాల్లో కొత్తగా పెడుతున్న సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని పాడుచేస్తాయి, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడుగు. కెమెరాని తోలు సంచిలో మాత్రం దాచకు. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, లెన్సుకి ఫంగస్ పట్టేది అక్కడే.

బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడగొచ్చు. 20 డిగ్రీల దగ్గర, నీళ్లు కలపని ఐడీ-11 డెవలపర్ ద్రావణంలో హెచ్‌పి5 ప్లస్‌కి ఏడున్నర నిమిషాలు. రంగుల ఫిల్మ్‌కి 37.8 డిగ్రీలు కచ్చితంగా నిలబెట్టాలి, అది ల్యాబ్‌కే వదిలెయ్. ఎవరు కడిగినా నెగెటివ్‌లు వెనక్కి కావాలని ముందే చెప్పు. స్కాన్లు పంపేసి నెగెటివ్‌లు పారేసే చోట్లున్నాయి.

మొదటి రీలు అయ్యాక నాకు ప్రింట్లు పంపకు, నెగెటివ్‌లే పంపు. ప్రింట్‌లో ల్యాబ్‌వాళ్లు సర్దేస్తారు, నెగెటివ్ దగ్గర ఏదీ దాగదు. పల్చగా, నీడల చోట ఉత్త గాజులా ఉంటే వెలుగు తక్కువ ఇచ్చావు. దట్టంగా నల్లబడితే ఎక్కువ ఇచ్చావు. రీలంతా ఖాళీగా వచ్చినా అంచుల మీద అంకెలు స్పష్టంగా ఉంటే కడగడంలో లోపం లేదు, ఫిల్మ్ కదల్లేదు లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంకెలు కూడా లేకపోతే తప్పు కడిగినవాళ్లది. ప్రతి ఫ్రేముకీ నువ్వు పెట్టిన వేగం, ఎపర్చర్, నీడ ఎలా ఉందన్నది ఒక చీటీ మీద రాసి దాంతోపాటే పెట్టు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఫ్రేము ఫ్రేముకీ జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య