అమ్మగారికి నాలుగో సీటీ తీయించే ముందు

కిడ్నీలో రాయి కోసం పాలకొల్లు, భీమవరం, రాజమండ్రి కలిపి ఆరు నెలల్లో మూడు సీటీ స్కాన్లయ్యాయి, కాకినాడలో మళ్ళీ రాశారు, అమ్మ ఒంట్లో రేడియేషన్ పేరుకుపోతుందా అని అడిగారు. మీ టెన్షన్ అర్థమైందండి. కిరణాలు ఒంట్లో నిలవ ఉండవు. కానీ కణాల్లోని డీఎన్‌ఏకి తగిలే దెబ్బ వల్ల ఎప్పటికో క్యాన్సర్ వచ్చే అవకాశం స్కాన్ స్కాన్‌కీ కొద్దికొద్దిగా పెరుగుతుంది. పెద్దవాళ్ళకి ఆ ముప్పు తక్కువే, పిల్లలకే ఎక్కువ.

ఒంటికి తగిలే రేడియేషన్‌ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రేకి మహా అయితే 0.1 మిల్లీసీవర్ట్. పొట్ట సీటీకి సుమారు 8. నేల నుంచీ ఆకాశం నుంచీ సహజంగా మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4. అంటే ఒక్క సీటీ మూడేళ్ళ పైమాటే.

మా నాన్నగారిని అమలాపురం నుంచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు పాత ఫిల్ములు బీరువా మీద గుడ్డసంచిలోనే ఉండిపోయాయి. వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు, వారం తిరక్కుండా అదే స్కాన్ మళ్ళీ తీశారు. అది నాకిప్పటికీ బాధే. మీరు మాత్రం మూడు సీడీలూ రిపోర్టులూ తేదీల వరసన ఫైల్లో పెట్టి డాక్టరుగారి ముందుంచండి. "అల్ట్రాసౌండ్ సరిపోదాండి? తప్పదంటే తక్కువ డోసు సీటీ తీస్తారా?" అని అడగండి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు. ఎంఆర్‌ఐలోనూ ఉండదు గానీ, రాళ్ళు దాన్లో సరిగా కనబడవు.

ఒకటి మాత్రం మరవొద్దు. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా లెక్కలు చూడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ సీటీ కావాలంటే తీయించేయండి.