ఛాంబర్ సెక్రటరీగా నిలబడుతున్న మా మేనకోడలికి

హైదరాబాద్,
శుక్రవారం రాత్రి

చిట్టితల్లీ,

మామయ్య ఆశీస్సులు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు మన ఊరి వర్తకుల ఛాంబర్ ఎన్నికల్లో సెక్రటరీ పదవికి నామినేషన్ వేస్తున్నావని చెప్పింది. ఆ మాట మీ అత్తకి చెప్పబోతే నాకు గొంతు పట్టేసింది. మన ఊరి ఛాంబర్‌లో ఇంతవరకూ ఆ కుర్చీలో ఆడపిల్ల కూర్చోలేదు. మీ నాన్న పోయాక షాపు అమ్మేస్తారని బేరానికి వచ్చినవాళ్ళు నాకు తెలుసు. రెండు షట్టర్ల ఎలక్ట్రికల్ షాపుని నాలుగు షట్టర్లు చేసి చూపించావు. బావ ఉండి ఉంటే ఈపాటికి బజారంతా స్వీట్లు పంచేసేవాడు.

అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు గెలిస్తే బాకీలు ఎగ్గొట్టేవాళ్ళ పేర్లు ఫొటోలతో సహా ఛాంబర్ వాట్సాప్ గ్రూపులో పెడతానని చెబుతున్నావట. దానికి చప్పట్లు కూడా పడుతున్నాయట. ఆ సంగతికే వస్తాను. ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను.

నీ నామినేషన్ మీద సంతకం పెట్టేవాళ్ళ చందా బాకీ లేకుండా చూసుకో. గెలిచిన వారంలోనే మినిట్స్ పుస్తకం, పాసుపుస్తకం, రశీదు పుస్తకాలు లెక్కపెట్టుకుని సంతకం మీద తీసుకో. కార్యవర్గం జాబితా, ఆడిట్ అయిన లెక్కలు ఏటా సొసైటీల రిజిస్ట్రార్‌కి అందాలి. ఆడిటర్ చూసుకుంటాడులే అని వదిలేయకు. ఛాంబర్ డబ్బు ఒక్క గంట కూడా నీ షాపు గల్లాపెట్టెలో ఉండకూడదు. ఇక మీటింగులు. మా రోజుల నుంచీ రాత్రి తొమ్మిదిన్నరకి, బేరాలు అయ్యాక పెట్టడం అలవాటు. నువ్వు మధ్యాహ్నం మూడింటికి మార్చు. ఆ వేళ బజారు ఎలాగూ ఖాళీగా ఉంటుంది. అర్ధరాత్రి స్కూటీ మీద నువ్వొక్కదానివే కాలవగట్టు మీదుగా ఇంటికి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. దీన్ని సలహా అనుకోకు, మాట ఇవ్వాలి.

ఛాంబర్ అంటే పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హాలు, బందుకి పిలుపిచ్చే బోర్డు అని ఇప్పటి కుర్రాళ్ళు అనుకుంటున్నారని విన్నాను. వాళ్ళ తప్పు కూడా కాదు, వాళ్ళు చూసింది అంతే. నేను చూసింది వేరు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నువ్వు మూడేళ్ళ పిల్లవి, మీ అమ్మ ఒళ్ళో ఉన్నావు. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. తెల్లారేసరికి కోనసీమలో కొబ్బరి చెట్లు నేలకి ఒరిగిపోయి ఉన్నాయి. ఏ ఊరికీ దారి లేదు, కరెంటు లేదు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, కిరోసిన్, టార్పాలిన్ పట్టాలు, ఇవి ఎవరి దగ్గరుంటే వాళ్ళే ఆ రోజు రాజులు. పొద్దున్న పదింటికి ఛాంబర్ హాల్లో మోకాలి లోతు బురద తోసి, నిలబడే మీటింగు పెట్టాం. ప్యాకెట్ మీద ఎంత ధర ఉంటే అంతకే అమ్మాలి, ఒక మనిషికి రెండు ప్యాకెట్లే ఇవ్వాలి అని తీర్మానం రాశాం. రాసింది మీ నాన్నే, తడిసిన కాగితం మీద, పెన్సిల్‌తో. ఒక్క షాపు మాట తప్పలేదు. పోలీసు చెప్పినా, ఆఫీసరు చెప్పినా అలా జరిగేది కాదు. పక్క షాపువాడు చెప్పాడు కాబట్టి జరిగింది.

1928లో మద్రాసులో తెలుగు వర్తకులు ఆంధ్రా ఛాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్నారు. మా నాన్న ఆ పేరు ఎంత గౌరవంగా పలికేవాడో! ఒక్కడు అడిగితే అర్జీ అంటారు, వంద మంది కలిసి అడిగితే కుర్చీ వేసి కూర్చోబెడతారు అనేవాడు. ఆ వంద మందిలో నీలాంటి నాలుగు షట్టర్ల వాళ్ళు తక్కువే. పాన్‌షాపు, టైలరింగ్ మెటీరియల్, మెడికల్ షాపు, బియ్యం కొట్టు, వీళ్ళే ఎక్కువ. మీటింగులో వీళ్ళు వెనక వరసలో కూర్చుంటారు, నోరెత్తరు. పెద్ద షోరూముకి ఆడిటర్ ఉంటాడు, లాయర్ ఉంటాడు, ఎమ్మెల్యే ఫోన్ నంబరు ఉంటుంది. ఛాంబర్ తప్ప దిక్కులేనివాడు ఆ వెనక వరస మనిషే. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు అప్పటి కార్యవర్గం ఒక మంచి పని చేసింది. రోజూ సాయంత్రం హాల్లో ఒక బల్ల వేసి, ఆడిటర్ దగ్గర పనిచేసే కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. తర్వాత ఆ బల్ల ఎత్తేశారు. నువ్వు మళ్ళీ వెయ్యి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు, సబ్బులు, షాంపూలు 18 శాతం నుంచి 5 శాతానికి వస్తే పాత ఎంఆర్‌పీ సరుకు ఎలా అమ్మాలో తెలియక చిన్న కిరాణావాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో నువ్వే నాకు ఫోన్లో చెప్పావు. సరుకు అమ్మినవాడు రిటర్న్ వెయ్యకపోతే కొన్నవాడికి ట్యాక్స్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి రావాల్సిన తగ్గింపు, కనిపించదు. తప్పు ఒకడిది, నోటీసు ఇంకొకడికి. అలాంటి నోటీసులన్నీ ఆ బల్ల మీద పోగుపడితే, అప్పుడు మాట్లాడటానికి నీ చేతిలో కాగితాలుంటాయి.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళినప్పుడు "వ్యాపారాలు దెబ్బతింటున్నాయండీ" అనకు. ఆ మాట వాళ్ళు రోజూ వింటారు. డ్రైనేజీ కోసం మెయిన్‌రోడ్డు తవ్వి వదిలేస్తే, ఎన్ని షాపుల ముందు గొయ్యి ఉంది, ఎన్ని రోజులైంది, లారీ ఎక్కడ ఆగిపోతోంది, హమాలీకి బస్తాకి ఎంత అదనంగా ఇస్తున్నారు, ఇవి రాసుకుని వెళ్ళు. ఇదివరకు దేనికైనా కాకినాడ పరిగెత్తేవాళ్ళం. 2022లో కోనసీమ జిల్లా అయ్యాక కలెక్టర్ ఆఫీసు అమలాపురంలోనే ఉంది, ఇంక బద్ధకానికి సాకు లేదు. ఎలక్ట్రానిక్ కాటాలకి ఏటా ముద్ర వేయించాలి కదా, తూనికలు కొలతల వాళ్ళని అడిగి ఛాంబర్ హాల్లోనే క్యాంపు పెట్టించు. ఒక్కొక్కరూ కాటా మోసుకుని పోనక్కర్లేదు, జరిమానా భయమూ ఉండదు.

ఇప్పుడు లిస్టు సంగతి. ఇది మీ అమ్మకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

1998లో నేను సెక్రటరీని. తుఫాను అయ్యి రెండేళ్ళు. పడిపోయిన చెట్టు స్థానంలో పెట్టిన మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. రైతు దగ్గర డబ్బు లేదు కాబట్టి పల్లెలో కిరాణా కొట్టుకి బాకీ. ఆ కొట్టువాడు మాకు బాకీ. మేము గుంటూరు మిర్చికీ, అనకాపల్లి బెల్లానికీ, తాడేపల్లిగూడెం ఉల్లిపాయలకీ బాకీ. హోల్‌సేల్ వాళ్ళంతా మండిపోయి ఉన్నారు. గట్టిగా ఏదో ఒకటి చెయ్యమని నా మీద పడ్డారు. సరే, ఎవరెవరు ఎంత బాకీయో చీటీలు ఇవ్వండి, జనరల్ బాడీలో చదువుతాను, సిగ్గుపడి కడతారు అన్నాను. నువ్వు ఇప్పుడు అంటున్నావే, అచ్చం అదే. నాకూ చప్పట్లు కొట్టారు.

కార్తీక మాసం. హాలు నిండిపోయి వరండాలో కూడా జనం. బయటివాళ్ళకి వినపడాలని మైకు పెట్టించాను. నలభైకి పైగా పేర్లు చదివాను. అందులో ఒకటి లంక ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు నడిపే ఆయనది. బాకీ 18,400 రూపాయలు. ఆ చీటీ ఇచ్చింది వేరే ఎవరో కాదు, మా కొట్టే.

తెల్లారి ఆయన సరుకుకి పంటు మీద గోదావరి దాటి వచ్చాడు. నూనె వ్యాపారి నగదు పెట్టమన్నాడు. పంచదార కొట్టువాడు కట్టిన బస్తా మళ్ళీ లోపల పెట్టేశాడు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదట. సాయంత్రం ఊరికి వెళ్ళేసరికి, ఐపీ పెట్టబోతున్నాడట, దివాలా తీశాడట అని కబురు ఆయన కంటే ముందే అక్కడికి చేరింది. పల్లెల్లో కొట్టు దగ్గర ఆడవాళ్ళు వందా రెండు వందలు దాచుకుంటారు కదా, వాళ్ళంతా ఒకేసారి వచ్చి అడిగారు. ఇచ్చేశాడు, అందరికీ ఇచ్చేశాడు. ఇచ్చాక సరుకు కొనడానికి ఏమీ మిగల్లేదు. సంక్రాంతికి కొట్టు మూసేసి, పెళ్ళాం పిల్లల్తో హైదరాబాద్ బస్సెక్కాడు.

మార్చి ఆఖర్న ఆవర్జా, అదే ఖాతాల పుస్తకం, సరిచూస్తున్నాం. అదే ఇంటిపేరు ఉన్న ఇంకో ఖాతాలో డబ్బు ఎక్కువ తేలింది. ఒకసారి 10,000, ఒకసారి 8,400. రోజువారీ లెక్క రాసే చిట్టాలో పేరు సరిగ్గానే ఉంది. ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు గుమాస్తా వేరే పేజీలో జమ వేశాడు. లంక ఊరాయన మాకు పైసా బాకీ లేడు. గుమాస్తా మీద అరవబోయి ఆగిపోయాను. ఆ చీటీ కింద సంతకం నాది. మైకు ముందు నిలబడ్డది నేను. చదివే ముందు నా సొంత పుస్తకం ఒకసారి తిరగేసి చూడలేదు.

వెతుక్కుంటూ హైదరాబాద్ వచ్చాను. ఒక కిరాణా కొట్టులో పొట్లాలు కడుతూ కనిపించాడు. కోప్పడతాడని సిద్ధపడి వెళ్ళాను. కోప్పడలేదు. "లిస్టు చదివే ముందు ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే రశీదులు పట్టుకుని వచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు. అంతే అన్నాడు. అరువు సరుకిస్తాను, మళ్ళీ కొట్టు తెరవమని బతిమాలాను. పిల్లల్ని ఇక్కడ బళ్ళో వేశాననీ, ఆవిడ ఆ ఊరు రానంటోందనీ చెప్పాడు. తిరిగొచ్చి ఛాంబర్‌లో మీటింగు పెట్టి, తప్పు మాదేనని మినిట్స్‌లో రాయించి, అదే మైకులో చదివాను. పేరు చదివిన రోజు హాలు పట్టలేదు. తప్పు దిద్దిన రోజు వచ్చింది పదకొండు మంది. లెక్కపెట్టాను.

అప్పుడు మైకు వరండా దాటి వినిపించలేదు. నీ ఫోను అమలాపురం దాటి, రాజమండ్రి దాటి, దుబాయ్‌లో ఉన్న ఆ బాకీదారు బావమరిది దాకా వెళుతుంది. ఫొటో కూడా వెళుతుంది. కాలేజీలో చదివే అతని కూతురి ఫోన్లో వాళ్ళ నాన్న ఫొటో కనపడుతుంది. రేపు నువ్వు డిలీట్ చేసినా పంపినవాళ్ళ దగ్గర ఉండిపోతుంది. పరువు నష్టం దావా పడితే లాయర్‌ని పెట్టుకోవచ్చు, దాని గురించి నాకు భయం లేదు. నాకున్న భయం నీకు రాత్రుళ్ళు నిద్ర పట్టదని. పాతికేళ్ళు దాటింది, నాకు ఇంకా ఆ పొట్లాలు కట్టే చేతులు కనిపిస్తాయి.

మరి బాకీలు ఎలా వసూలవుతాయి అంటావు. నువ్వు అడగడంలో తప్పు లేదు, నీక్కూడా కాంట్రాక్టర్ల దగ్గర ఎంత ఇరుక్కుందో మీ అమ్మ చెప్పింది. ముగ్గురితో ఒక రాజీ కమిటీ వెయ్యి. ఒక హోల్‌సేల్ మనిషి, ఒక చిన్న షాపు మనిషి, వ్యాపారంతో సంబంధం లేని పెద్దమనిషి ఒకరు, రిటైరైన బ్యాంకు మేనేజరు లాంటివారు. ఫిర్యాదు రాతపూర్వకంగా, బిల్లుల నకళ్ళతో రావాలి. అవతలివాడికి ఉత్తరం వెళ్ళాలి, పదిహేను రోజులు గడువు ఇవ్వాలి. తర్వాత తలుపు వేసుకుని ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదవండి. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. వాపసు పంపిన సరుకు ఒకడు రాసుకుని ఉండడు, లారీ కిరాయి ఎవరిదో మాట అనుకుని ఉండరు. నిజంగా బాకీ ఉండి ఇవ్వలేనివాడైతే వాయిదాలు రాయించండి. ఇంత బాకీ ఉన్నానని సంతకం పెట్టిన కాగితం మాత్రం తప్పకుండా తీసుకోండి. సరుకు బాకీకి మూడేళ్ళు దాటితే కోర్టులో కాలదోషం పడుతుంది. ఆ మూడేళ్ళలోపు రాసిచ్చిన కాగితం ఉంటే లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. కమిటీలో ఎవరి సొంత వ్యవహారం వస్తే వాళ్ళు లేచి బయటికి వెళ్ళాలి. ఇది బైలాలోనే రాయించు. 1998లో ఈ ఒక్క నియమం ఉంటే ఆ చీటీ నా చేతికి వచ్చేది కాదు.

కొబ్బరి పీచు యూనిట్లు, ఆత్రేయపురం పూతరేకులు చేసే ఆడవాళ్ళు, వీళ్ళకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు, ఉందో లేదో అడుగు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల వాళ్ళకి సరుకు కొన్నవాడు డబ్బు ఇవ్వడం 45 రోజులు దాటించకూడదని 2006 చట్టం చెబుతోంది. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు. ఆ ఫారం నింపి పెట్టడం నీ బల్ల దగ్గర పనే. మన షాపులవాళ్ళకి ఈ చట్టం పనికిరాదు, 2021లో వ్యాపారులకి ఉద్యమ్ ఇచ్చినా బ్యాంకు అప్పుల వరకే. ఉన్నదొకటీ లేనిదొకటీ చెప్పి వాళ్ళకి ఆశ పెట్టకు.

ఇంతా రాశాక నిన్ను కోప్పడ్డట్టు అనిపిస్తోంది. లేదమ్మా. నువ్వు నిలబడాలి, గెలవాలి. పోలింగ్ రోజుకి ముందు రోజే నేనూ మీ అత్తా వస్తాం, నా ఓటు ఇంకా అక్కడే ఉంది, చందా కట్టేశాను. ప్రచారంలో పడి మధ్యాహ్నం భోజనం మానేస్తున్నావని మీ అమ్మ ఏడుస్తోంది. మీ అత్త సున్నుండలు చేసి ఈ ఉత్తరంతో పాటు బస్సులో పంపుతోంది, రావులపాలెంలో తీసుకో.

లిస్టు విషయం ఏం తేల్చుకున్నావో ఫోన్ చెయ్యి. ఏదైనా సరే నువ్వే చెప్పు, వేరేవాళ్ళ నోట వినలేను.

మీ మామయ్య