‘పాత ఇనుమే కదా’ అంటున్న ట్రాన్స్‌పోర్టు: టైపు మిషన్లకు నష్టపరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మాది కావలి. చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి మూసేశాను. మిషన్లు అమ్మబుద్ధి కాలేదు. పైగా చుట్టుపక్కల మూతపడిన ఇన్‌స్టిట్యూట్లవి కూడా కొని దాచాను. మొత్తం 64 అయ్యాయి. ఇప్పుడు పుణెలో మా అబ్బాయి దగ్గరికి ఇల్లు మారుస్తున్నాం. మొదటి విడతగా నవంబరు 18న ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లకు ఇంటి సామానుతో పాటు 23 మిషన్లు అప్పగించాను. కిరాయి 26 వేలు, ఇన్సూరెన్స్ అని ఇంకో 600 తీసుకున్నారు. ప్యాకింగ్ కూడా వాళ్లదే. పుణెలో విప్పి చూస్తే 11 మిషన్లు దెబ్బతిన్నాయి. కొన్నింటికి క్యారేజీ (కాగితం పట్టుకుని అటూ ఇటూ కదిలే భాగం) వంగింది, కొన్నింటికి రోలర్ నాబ్ విరిగింది, మిగతావి తడిసి తుప్పు పట్టాయి. అడిగితే ‘ఎల్ఆర్ (లారీ రసీదు) మీద ఓనర్స్ రిస్క్, అంటే నష్టం సరుకు యజమానిదే అని ఉంది, వాన దైవాధీనం, పాత ఇనుమే కాబట్టి మూడు వేలు ఇస్తాం, కాదంటే ముంబయి కోర్టుకు రండి’ అంటున్నారు. విలువ అన్నచోట వాళ్ల గుమాస్తాయే 20 వేలు అని రాశాడు. నేను చూసుకోకుండా సంతకం పెట్టాను. మిగతా 41 మిషన్లు ఇక్కడే ఉన్నాయి. వాటిలో ఒక అండర్‌వుడ్ వందేళ్లు దాటింది. అది పురావస్తువు కిందికి వస్తుందని ఒకరు భయపెట్టారు. దారిలో జీఎస్టీ వాళ్లు ఆపితే ఏం చెప్పాలి?

జవాబు: మాస్టారూ, ముందు క్యాలెండరు తీయండి. మిగతా విషయాలు ఎటూ పోవు, ఇది మాత్రం పోతుంది. రోడ్డు రవాణాకు మనకున్న చట్టం 2007 నాటి క్యారేజ్ బై రోడ్ యాక్ట్. దాని 16వ సెక్షన్ ప్రకారం సరుకు నష్టం గురించి కేసు వేయాలంటే, అంతకంటే ముందే ట్రాన్స్‌పోర్టు వాళ్లకు రాతపూర్వకంగా నోటీసు అందాలి. అది కూడా బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు. సామాను ముట్టిన రోజు నుంచి కాదు, పెట్టెలు విప్పిన రోజు నుంచి అసలే కాదు. మీ లెక్కన అది మే 17తో అయిపోతుంది. ఈ ఒక్క సెక్షన్ తెలియక మంచి కేసులు పోగొట్టుకున్న వాళ్లను చూశాను. ఫోన్లో బతిమాలుకుంటూ, ‘మేనేజరు గారు ఊళ్లో లేరు, వచ్చే వారం చూద్దాం’ అనే మాట నమ్ముతూ ఆరు నెలలు గడిపేస్తారు.

కాబట్టి ఈ వారమే స్పీడ్ పోస్టులో, ముట్టినట్టు రుజువు వచ్చేలా నోటీసు పంపండి. కంపెనీ హెడ్డాఫీసుకు ఒకటి, మీరు బుక్ చేసిన బ్రాంచికి ఒకటి. లాయరే రాయాలని ఏమీ లేదు. ఎల్ఆర్ నంబరు, బుకింగ్ తేదీ, ఏ మిషన్‌కు ఏమైంది, ఎంత నష్టం, ఎన్ని రోజుల్లో చెల్లించాలి... ఇవి ఉంటే చాలు. ఒక్కో మిషన్‌నూ సీరియల్ నంబరుతో రాయండి. ‘11 మిషన్లు పాడైనవి’ అని ఒక్క ముక్కలో రాస్తే, అందులో ఏ మిషన్ ముందు నుంచే పాడై ఉందో చెప్పమని అవతలి లాయరు మిమ్మల్ని బోనులో నిలబెట్టి అడుగుతాడు.

ఇక ఆ ‘ఓనర్స్ రిస్క్’ ముద్ర. దాన్ని చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. 2007కు ముందున్న పాత చట్టం రోజుల్లోనే, 2000లో సుప్రీంకోర్టు ఆ ముద్ర ఉన్నంత మాత్రాన రవాణాదారు నిర్లక్ష్యానికి బాధ్యత తప్పిపోదని చెప్పింది. ఇప్పటి చట్టంలోనూ, నష్టం వాళ్ల నిర్లక్ష్యం వల్లే జరిగిందని మీరు రుజువు చేయాల్సిన పని లేదు. సరుకు బాగున్న స్థితిలో ఇచ్చారు, దెబ్బతిని ముట్టింది. ఈ రెండూ చూపిస్తే, మా తప్పు లేదని చెప్పుకోవాల్సిన భారం వాళ్ల మీద పడుతుంది. లారీ మాది కాదు, వేరే వాళ్లకు అప్పగించాం అన్నా కుదరదు. బుకింగ్ తీసుకున్న ఏజెంటు, బ్రోకరు కూడా ‘కామన్ క్యారియర్’ (అందరి సరుకూ కిరాయికి చేరవేసే రవాణాదారు) నిర్వచనంలోకే వస్తారు.

దైవాధీనం మాట చదివి నాకు నవ్వొచ్చింది. యుద్ధం, అల్లర్లు, సర్కారు ఆంక్షల వంటి వాటితో పాటు దైవాధీనమూ మినహాయింపుల్లో ఉంది, నిజమే. కానీ తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే తప్పేదే అయితే ఆ మినహాయింపు పనికిరాదని, ఆ మినహాయింపులిచ్చే సెక్షన్‌లోనే రాసుంది. మన నెల్లూరు జిల్లాకు వానలంటేనే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీక మాసంలో వాయుగుండం పట్టడం ఇక్కడ ఎవరికి కొత్త? నవంబరులో కావలిలో లోడు ఎత్తుతూ పైన మంచి టార్పాలిన్ పట్టా కట్టుకోకపోవడం దేవుడి పని కాదు. ఆ వారంలో వాతావరణ శాఖ ఇచ్చిన హెచ్చరికల వార్తలు కత్తిరించి పెట్టుకోండి. వాన వస్తుందని ముందే తెలుసు అన్నది మీకే పనికొస్తుంది.

మీ కేసులో నిజంగా గుచ్చుకునే ముల్లు ఆ 20 వేల అంకె. రూల్స్ ప్రకారం రవాణాదారు బాధ్యతకు పరిమితి కిరాయికి పది రెట్లు. మీ 26 వేలకు పది రెట్లంటే 2 లక్షల 60 వేలు. అయితే ఆ మొత్తం, మీరు ఫార్వర్డింగ్ నోట్‌లో (సరుకు అప్పగించేటప్పుడు వివరాలు నింపి సంతకం పెట్టే కాగితంలో) రాసిన సరుకు విలువను దాటకూడదు. అంటే వాళ్లు 20 వేల దగ్గర గీత గీసి కూర్చుంటారు. రాసింది గుమాస్తా అయినా సంతకం మీది. అందులోని వివరాలకు పంపేవాడిదే పూచీ అని చట్టం అంటుంది. విలువ తక్కువ రాస్తే ఇన్సూరెన్స్ తక్కువ పడుతుందని గుమాస్తా చెప్పే ఉంటాడు. 600 అంటే 20 వేలకు సరిగ్గా మూడు శాతం. అక్కడ మిగిలిన డబ్బు ఇక్కడ పోయింది.

అలాగని మూడు వేలకు తల ఊపొద్దు. నష్టం అంతకు మించి ఉందని చూపగలిగితే 20 వేల దాకా గట్టిగా అడగొచ్చు. దాని పైన రెండు దారులున్నాయి. ఒకటి ప్యాకింగ్. అది కూడా వాళ్లే చేశారన్నారు కాబట్టి, దానికి వేరే డబ్బు తీసుకుని ఉంటే ఆ సేవలో లోపం ఉందని వినియోగదారుల కమిషన్‌లో విడిగా వాదించొచ్చు. మిషన్‌ను పక్కకు పడుకోబెట్టారా, క్యారేజీ కట్టకుండానే పెట్టెలో దించారా అన్నది తెలిసిన మెకానిక్ ఒకాయన చూస్తే చెప్పేస్తారు. అది కాగితం మీద, సంతకంతో కావాలి. రెండోది ఆ 600 రూపాయలు. ఏ ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ ఇచ్చింది, నంబరు ఎంత అని రాతపూర్వకంగా అడగండి. పాలసీ ఉంటే క్లెయిమ్ వేయండి. చాలాసార్లు పాలసీ ఉండదు, ఆ డబ్బు వాళ్ల జేబులోకే పోతుంది. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఇన్సూరెన్స్ అమ్మకూడదు. లేని ఇన్సూరెన్స్‌కు డబ్బు తీసుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అదే ఫిర్యాదులో కలపొచ్చు. ఈ రెండు దారుల్లో గెలుపు ఖాయమని నేను చెప్పను. వాదనలో బలం మాత్రం ఉంది.

‘పాత ఇనుము’ అన్న మాట మీద మీకు కోపం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. నేను టైపు లోయర్ పరీక్ష పాసైంది అలాంటి మిషన్ మీదే. నిమిషానికి ముప్ఫై మాటల దగ్గర నాకు చెమటలు పట్టేవి. కానీ కోర్టులో జ్ఞాపకాలకు విలువ కట్టరు. పాత మిషన్లు కొని అమ్మేవాళ్ల నుంచి అదే మోడల్‌కు రెండు కొటేషన్లు, మీరు కొన్నప్పటి రసీదులు, రిపేరు ఎస్టిమేటు, ఈ మూడూ తెచ్చుకోండి. కంపెనీ తయారీ ఆపేసిందనీ విడిభాగాలు దొరకవనీ మెకానిక్ రాసిస్తే, తూకం లెక్కన విలువ కట్టడం ఎందుకు తప్పో అక్కడే తేలిపోతుంది.

ముంబయి కోర్టు సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివాసం ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. కావలిలో ఇల్లు ఖాళీ చేయకముందే నెల్లూరు జిల్లా కమిషన్‌లో వేసేయండి. మెకానిక్ ఇక్కడివాడే అయితే సాక్ష్యానికీ సులువు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు, గడువు రెండేళ్లు. మీరు తీసిన ఫొటోలు, వాట్సాప్ మెసేజీలు ఉన్న ఫోన్‌ను మార్చొద్దు, అమ్మొద్దు. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్ చేతిలో ఉంటే ఆ పనికి చిక్కు రాదు. డెలివరీ అప్పుడు ‘సరుకు సరిగా ముట్టింది’ అని సంతకం పెట్టారా? లేఖలో రాయలేదు. పెట్టినా కేసు పోదు. కానీ విప్పిన వెంటనే ఫొటోలు పంపినట్టు చూపించాల్సి వస్తుంది.

ఇప్పుడు మిగిలిన 41 మిషన్ల సంగతి. ఒక్కోటి పదిహేను కిలోలు వేసుకున్నా ఆరు వందల కిలోలు దాటుతుంది. ఇంటి సామానులో కలిపి ‘హౌస్‌హోల్డ్ గూడ్స్’ అని రాయించకండి. వాటికి విడిగా ఎల్ఆర్ తీసుకోండి. పెట్టెలకు నంబర్లు వేసి, ఏ పెట్టెలో ఏ కంపెనీ, ఏ సీరియల్ నంబరు, ఎంత విలువ అన్న జాబితాను ఫార్వర్డింగ్ నోట్‌కు జత చేసి, దాని మీద వాళ్ల స్టాంపు వేయించండి. విలువ నిజాయితీగా రాయండి. పది రెట్ల పరిమితి కూడా చాలదనిపిస్తే హై రిస్క్ రేటు అడగండి. చట్టంలోనే ఉంది, కాస్త ఎక్కువ కిరాయి పడుతుంది. దారిలో గోడౌన్‌లో దించి వేరే బండికి మార్చకూడదని రాయించుకోండి. నా దగ్గరికి వచ్చిన రవాణా కేసుల్లో దెబ్బలు ఎక్కువగా తగిలింది ఆ దించి ఎక్కించే చోటే. ఇన్సూరెన్స్ మీరే నేరుగా కంపెనీలో తీసుకోండి, పూర్తి విలువకు. సగం విలువకు తీసుకుంటే నష్టంలోనూ సగమే ఇస్తారు. తుప్పును మినహాయించే షరతు ఉందేమో చదివి మరీ డబ్బు కట్టండి. ట్రాన్స్‌పోర్టు కంపెనీకి ఆ 2007 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి. ప్యాకింగ్ సంగతి మీకు నేను చెప్పేదేముంది, మార్జిన్లు మధ్యకు తెచ్చి క్యారేజీ కదలకుండా కట్టడం మీ చేతికి తెలిసిన పనే. అది చేస్తుండగా ఎవరితోనైనా వీడియో తీయించండి, చాలు.

కొందరు రైలు పార్సిల్ మంచిదంటారు. విలువ ప్రకటించి దానికి అదనపు చార్జీ కట్టకపోతే రైల్వే బాధ్యత కిలోల లెక్కకు దిగిపోతుంది. అప్పుడు వాళ్లు కూడా మీ మిషన్లను పాత ఇనుము కిందే లెక్కగట్టినట్టు.

జీఎస్టీ గురించి టెన్షన్ వద్దు. వాడిన సొంత, ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం) అక్కర్లేదని జీఎస్టీ రూల్ 138 కింది జాబితాలో ఉంది. అయినా 41 టైపు మిషన్లు కనపడితే దారిలో తనిఖీ చేసే ఏ అధికారికైనా వ్యాపారమనే అనుమానం వస్తుంది, ఆయన తప్పేం కాదు. ఇవి నా సొంతవి, వాడినవి, అమ్మకానికి కావు, నివాసం మారుస్తున్నాను అని ఒక డిక్లరేషన్, ఆధార్ కాపీ, పుణె చిరునామా రుజువు, ఆ పెట్టెల జాబితా, వీటి ఒక సెట్టు డ్రైవరుకు ఇచ్చి పంపండి. ఇన్‌స్టిట్యూట్‌కు జీఎస్టీ నంబరు ఉండి మిషన్లు దాని లెక్కల్లో ఉంటే మాత్రం వ్యవహారం వేరు. అప్పుడు మీ ఆడిటరును అడక్కుండా లోడు ఎత్తొద్దు.

చివరిగా అండర్‌వుడ్. మిమ్మల్ని భయపెట్టినాయన సగం నిజమే చెప్పారు. 1972 నాటి పురావస్తువుల చట్టంలో వందేళ్లు నిండిన వస్తువుల నిర్వచనం చాలా విశాలంగా ఉంది. గడిచిన కాలపు శాస్త్రానికి, కళకు అద్దం పట్టే ఏ వస్తువైనా అందులోకి రావచ్చు. టైపు మిషన్ రాదని నేను గట్టిగా చెప్పలేను. కానీ దేశం లోపల కావలి నుంచి పుణెకు తీసుకెళ్లడానికి ఆ చట్టం అడ్డు రాదు. అడ్డొచ్చేది దేశం దాటించేటప్పుడు. రేపు మీ అబ్బాయికి విదేశంలో ఉద్యోగం వచ్చి దాన్ని వెంట తీసుకెళ్తానంటే, ముందు పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదనే సర్టిఫికెట్ తీసుకోమనండి. అది లేకుండా తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడతాడు. పుణెకైతే దాన్ని లారీ ఎక్కించకండి. మీరు వెళ్లే కారులో వెనక సీటు కింద, ఒక దుప్పటి పరిచి పెట్టుకోండి. ఈలోగా ఆ ఎల్ఆర్ రెండు వైపులా జిరాక్స్ తీసి నాకు పంపండి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఇంకా ఏం షరతులు పెట్టారో చూడాలి.