కోచ్ మాట కాదు, క్లియరెన్స్ మీద తేదీ కావాలి

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి 2021 ఆగస్టులో డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై శ్రేణి) కాలేజీలో చేరి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. మొదటి ఏడాది ఆడాడు. 2022 వేసవిలో భుజానికి ఆపరేషన్ అయింది. "ఈ ఏడాది రెడ్‌షర్ట్ చేద్దాం, నీ సంవత్సరం ఎక్కడికీ పోదు" అని కోచ్ మాట ఇచ్చారు (రెడ్‌షర్ట్ అంటే జట్టులో ఉంటూ ఆటలకు దిగకుండా సీజన్ మిగుల్చుకోవడం). 2023లో ఆడాడు. 2024లో మూడో ఆటలో మోకాలి లిగమెంట్ తెగింది. 2025లో కోలుకుని ఆడాడు. లెక్కకు మూడు సీజన్లే అయ్యాయి, నాలుగోది మిగిలిందనుకుంటే ఇప్పుడు గడువు తీరిపోయిందంటున్నారు. ఆ కోచ్ వెళ్ళిపోయారు. ఆయన మెసేజీలు పాత ఫోను మార్చినప్పుడు పోయాయి. పిల్లవాడు సరిగా తినడం లేదు, వాళ్ళమ్మకు నిద్ర లేదు. మా బావమరిది ఎముకల డాక్టరు. 2022 సీజనంతా ఆడలేని స్థితిలో ఉన్నాడని పాత తేదీతో సర్టిఫికెట్ రాసిస్తానంటున్నాడు. అది పెట్టవచ్చా? లేక వాండర్‌బిల్ట్ ఆటగాడిలా కోర్టుకు వెళ్ళాలా?

జవాబు: ఇక్కడ కుదించి వేశాం గానీ, మీ ఉత్తరంలో మీరు కోచ్ గురించి రెండు పేజీలు రాశారు, భుజం ఆపరేషన్ గురించి ఒక్క వాక్యం. మీ కేసు నిలిచినా కూలినా ఆ ఒక్క వాక్యం మీదే.

ముందు మీ లెక్క సరిచేసుకోండి. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన నాలుగు సీజన్లు ఇచ్చి, వాటిని ఐదేళ్ళలో ఆడుకోమంటుంది. పూర్తికాల విద్యార్థిగా తరగతులు మొదలైననాడే ఆ ఐదేళ్ళ గడువూ మొదలవుతుంది. గాయమైనా, కాలేజీ మారినా అది ఆగదు. రెడ్‌షర్ట్ కాపాడేది సీజన్‌ను మాత్రమే. గాయం వల్ల పోయిన సీజన్‌కు ఇచ్చే మినహాయింపు, అందరూ మెడికల్ రెడ్‌షర్ట్ అని పిలిచేది, కూడా అంతే. 2018 నుంచి ఫుట్‌బాల్‌లో నాలుగు ఆటల వరకు ఆడినా సీజన్ ఖర్చు కాదు. ఒక్క కిక్ కోసం మైదానంలో దిగినా ఒక ఆట కిందే లెక్క అనుకోండి, కానీ మీవాడు 2024లో ఆడింది మూడే కాబట్టి ఆ సీజన్ భద్రం. అయితే 2021 నుంచి 2025 వరకు ఐదేళ్ళూ నిండాయి. చేతిలో సీజన్ ఉంది, ఆడడానికి ఏడాది లేదు.

ఆ ఏడాది కావాలంటే గడువు పొడిగింపు కోరాలి. అందుకు ఆటగాడి చేతిలోనూ కాలేజీ చేతిలోనూ లేని కారణాల వల్ల ఒకటి కంటే ఎక్కువ సీజన్లు పోయాయని రుజువు చేయాలి. 2024 మోకాలు ఒకటి, దాని మీద పేచీ ఉండదు. రెండోది 2022 కావాలి. ఇక్కడే మీరు మీ కాళ్ళకు మీరే అడ్డం పడుతున్నారు. రెడ్‌షర్ట్ ఏడాదినీ, కోచింగ్ సిబ్బంది తప్పుడు సమాచారాన్ని నమ్మడాన్నీ 'చేతిలో ఉన్న కారణాల' జాబితాలోనే నిబంధన పేరుపెట్టి చేర్చింది. కోచ్ మాట ఇచ్చి మోసం చేశారని మీరు ఎంత గట్టిగా నిరూపిస్తే, 2022లో కూర్చోబెట్టింది గాయం కాదు, కోచ్ నిర్ణయం అని అంత గట్టిగా ఒప్పుకున్నట్టు. ఆ రెండు పేజీలూ దరఖాస్తులో పెట్టకండి.

తేలవలసింది ఒక్కటే. ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఆటకు దిగవచ్చనే క్లియరెన్స్ మీద డాక్టరు సంతకం చేసింది ఏ తేదీన? సీజన్ ఆగస్టు చివర మొదలై నవంబరు చివరికి ముగుస్తుంది. క్లియరెన్స్ మీద నవంబరు మూడో వారం తేదీ ఉంటే ఆ సీజన్‌ను గాయమే మింగిందని ధైర్యంగా వాదించవచ్చు. సెప్టెంబరు చివరి తేదీ ఉంటే, ఒళ్ళు బాగుండి కూడా బెంచీ మీద కూర్చున్నాడని ఎన్‌సీఏఏ వాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

మీ బావమరిది గారి సర్టిఫికెట్ ఊసే ఎత్తకండి. ఆయన ఆ రోజు అబ్బాయికి వైద్యం చేయలేదు. కావలసింది అప్పటికప్పుడు, చికిత్స చేసినవారు రాసిన కాగితం. పాత తేదీ వేసిన కాగితం పెడితే అది తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడమే. ఆ అబద్ధంతో అబ్బాయికి మిగిలిన అర్హత పోవచ్చు, బావమరిది గారి లైసెన్సు మీదికి రావచ్చు. నిజమైన ఆపరేషన్ రికార్డు ఉన్న పిల్లవాడికి దొంగ కాగితం ఎందుకండీ?

కోర్టు సంగతి. మీరన్న వాండర్‌బిల్ట్ ఆటగాడు డియేగో పావియా 2024 డిసెంబరులో టెనెసీ ఫెడరల్ కోర్టులో ఇంజంక్షన్ (ఆడనివ్వమనే తాత్కాలిక ఉత్తర్వు) తెచ్చుకున్నది నిజమే. కానీ ఆ వాదన జూనియర్ కాలేజీలో (రెండేళ్ళ కాలేజీలో) ఆడిన సీజన్లను లెక్కించడం గురించి. మీవాడు జూనియర్ కాలేజీ గడప తొక్కలేదు. మీకు దగ్గరి కేసు విస్కాన్సిన్ ఆటగాడు నైజియర్ ఫోర్క్యూరియన్‌ది. తండ్రి మరణం వల్ల ఒక సీజన్‌లో సరిగా ఆడలేకపోయానని అదనపు ఏడాది కోరితే ఎన్‌సీఏఏ కాదంది. 2025 ఫిబ్రవరిలో జిల్లా కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. జులైలో సెవెంత్ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2-1 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. ఆ కుర్రవాడి దుఃఖాన్ని ఎవరూ కాదనలేదు. కేసు యాంటీట్రస్ట్ (వ్యాపార పోటీని కాపాడే) చట్టంలో మార్కెట్ నిర్వచనం దగ్గర, అంటే ఏ మార్కెట్‌లో పోటీ దెబ్బతిందో చూపలేక, ఓడింది. అంత ఖర్చు పెట్టి అక్కడికి వెళ్ళేముందు ఇంట్లో చేయవలసిన పని చేయండి.

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కాలేజీ కంప్లయన్స్ ఆఫీసుకు (ఎన్‌సీఏఏ నిబంధనల అమలు చూసే విభాగానికి) ఒక ఈమెయిల్ రాసి "మా వాడి గడువు ఎప్పుడు ముగుస్తుంది" అని అడిగారా? ఫీజు రసీదులన్నీ దాచుకున్నవారు, పిల్లవాడి ఆట భవిష్యత్తును నోటిమాటకు వదిలేశారు. పైగా పాత ఫోను మార్చినప్పుడు మెసేజీలు పోయాయంటున్నారు. అది అజాగ్రత్తే. ఇకనైనా కాగితం మీద నడవండి.

రికార్డులు మీరు అడిగితే ఇవ్వరు. అబ్బాయికి 18 దాటాయి, సంతకం అతనే చేయాలి. రోగుల వైద్య సమాచారానికి సంబంధించిన హిపా చట్టం కింద డాక్టర్లు, ఆసుపత్రులు మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి. టెక్సస్‌లో డాక్టర్లు చివరి చికిత్స తర్వాత కనీసం ఏడేళ్ళు రికార్డులు ఉంచాలి కాబట్టి 2022వి ఇంకా దొరుకుతాయి. ఆపరేషన్ నోట్, ఫిజియోథెరపీ హాజరు, కాలేజీ జట్టు ట్రైనర్ రోజువారీ నోట్సు, క్లియరెన్స్, వీటితో పాటు 2024 మోకాలి ఎమ్మారై అడగండి. ట్రైనర్ నోట్సు మరీ ముఖ్యం. "ఈ రోజు భుజం పైకెత్తలేకపోయాడు" అని అక్టోబరులో రాసిన ఒక్క పంక్తి మీ ఉత్తరమంతటి కంటే బలమైనది.

దరఖాస్తు పెట్టేది మీరు కాదు, మీ వకీలూ కాదు. కాలేజీయే పెట్టాలి. అందుకే ఈ వారమే అబ్బాయిని కంప్లయన్స్ ఆఫీసుకు పంపండి, మాట్లాడినది సాయంత్రానికల్లా ఈమెయిల్‌లో రాయించండి. 2026లో ఆడించడానికి ఇప్పటి కోచ్ సిద్ధమా, డిగ్రీ అయిపోతే మాస్టర్స్‌లో సీటు ఉందా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోండి. శిక్షణ శిబిరం ఆగస్టు మొదట్లోనే. నిరాకరిస్తే అప్పీలుకు వ్యవధి మిగలాలంటే వసంతంలోపే దరఖాస్తు వెళ్ళాలి.

క్లియరెన్స్ చేతికి వచ్చాక తేదీ చూసి నాకు రాయండి. కాలేజీకి నకలు ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.