'యు' అచ్చే కదా, మరి 'యాన్ యూనివర్సిటీ' ఎందుకు తప్పు?

ఇంగ్లిష్‌లో 'యు' (u) అచ్చయినా 'ఏ యూనివర్సిటీ' అనే రాయాలంటారేమిటి, అసలు 'ఏ' (a), 'యాన్' (an), 'ద' (the) ఎక్కడ పెట్టాలో తేలడం లేదు అని అడిగారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఈ ప్రశ్న నన్నూ ఏళ్ల తరబడి వేధించింది.

మాకు బడిలో 'ఏ, ఈ, ఐ, ఓ, యూ ముందు యాన్' అని బట్టీ పట్టించారు. చిక్కంతా అక్కడే మొదలైంది. చూడాల్సింది అక్షరం కాదు, పలికే శబ్దం. దీనికి మన లిపి ఎంత బాగా పనికొస్తుందో! మాటను తెలుగులో రాసి చూడండి. 'యూనివర్సిటీ' యకారంతో, అంటే హల్లుతో మొదలైంది, కాబట్టి 'ఏ'. 'అవర్'కి స్పెల్లింగులో ముందు హెచ్ ఉన్నా మనం రాసేది 'అ'తోనే, కాబట్టి 'యాన్'. ఎమ్మెల్యేకి 'యాన్', వన్ రూపీ కాయిన్‌కి 'ఏ'. ఒక్క జాగ్రత్త: మనలో చాలామందిమి ఎగ్‌ని 'యెగ్' అంటాం. ఆ యకారం మన యాసది, ఇంగ్లిష్‌లో లేదు. 'యాన్ ఎగ్' అనే రాయాలి.

అసలు కష్టం 'ద'తో. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి 'ప్లీజ్ రీస్టార్ట్ ఏ సర్వర్' అని మెయిల్ పెట్టాను. నా మనసులో ఉన్నది పొద్దుటి నుంచి మొరాయిస్తున్న సర్వర్. అవతలి నుంచి 'ఏ సర్వరండీ?' అని తెలుగులో జవాబొచ్చింది. నేను చూసుకునేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి. నాకు దారి చూపింది ఆ ప్రశ్నే. వినేవాళ్లు 'ఏ సర్వర్?' అని అడిగేలా ఉంటే 'ఏ' సరిపోతుంది, 'ఆ, అదేనా' అని వెంటనే గుర్తుపట్టేలా ఉంటే 'ద' రాయాలి. అలాగని తెలుగు వాక్యంలో 'ఆ' కోసం వెతక్కండి. 'తలుపు వెయ్యి' అంటాం, 'ఆ' ఉండదు. అయినా ఏ తలుపో ఇద్దరికీ తెలుసు కాబట్టి 'క్లోజ్ ద డోర్'.

'మా నాన్న రైతు' లాంటి వాక్యాల్లో నేను ఇప్పటికీ తడబడతాను. మనకు అక్కడ 'ఒక' అవసరమే లేదు, ఇంగ్లిష్‌కి మాత్రం 'ఏ ఫార్మర్' అని ఉండి తీరాలి. అడ్వైస్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ ఒకటి, రెండు అని లెక్కపెట్టేవి కావు, వాటికి 'ఏ' రాదు. ఊళ్లూ నదులూ అలవాటు మీద వచ్చేవే: నదికి 'ద గోదావరి', ఊరికి ఉత్త రాజమండ్రి.

మీరు ఈ మధ్య రాసిన మెయిల్లోంచి నాలుగు వాక్యాలు పెట్టండి, ఎక్కడ ఏది రావాలో కలిసి చూద్దాం.